పిల్లి కూడా అమానతే!

హజ్రత్ అబూ ఖతాదా అన్సారీ (ర) ఒకరోజు తన కోడలి ఇంటికి వచ్చారు. ఆ కోడలు మరెవరో కాదు, ప్రవక్త సహచరులైన హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (ర) గారి కుమార్తె కబ్షా. మామగారి వుజూ కోసం ఆమె ఒక పాత్రలో నీళ్ళు పెట్టారు. అంతలో ఎక్కడి నుంచో ఓ పిల్లి వచ్చి ఆ నీళ్ళలో మూతి పెట్టబోయింది. అబూ ఖతాదా (ర) దాన్ని అదిలించలేదు. పైగా అది హాయిగా తాగేందుకు వీలుగా పాత్రను దాని వైపు వంచి పట్టుకున్నారు. కోడలు రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయింది. "ఆశ్చర్యపోతున్నావా అమ్మా?" అని ఆయన అడిగారు. ఆమె అవునన్నది. అప్పుడాయన, పిల్లి అశుద్ధ జంతువు కాదనీ, మన చుట్టూ తిరుగుతూ ఉండేవాటిలో అదీ ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చిన సంగతి ఆమెకు వినిపించారు. అబూ దావూద్, తిర్మిజీ, నసాయి, ఇబ్నె మాజా గ్రంథాల్లోనూ, ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి ముఅత్తాలోనూ ఈ ఉల్లేఖనం ఉంది.

పిల్లి ముట్టిన నీళ్ళు శుద్ధమైనవేననడానికి ధర్మవేత్తలు ఈ హదీసును ఆధారంగా చూపుతారు. అంతవరకు మనకందరికీ తెలిసిందే. కాని ఇందులో ఒక మాట దగ్గర మేము ఆగదలచాము. 'తిరుగుతూ ఉండేవి' అనడానికి ఇక్కడ వాడిన అరబీ పదం 'తవ్వాఫీన్'. కాబా గృహం చుట్టూ మనం చేసే తవాఫ్‌కు మూలమైన ధాతువే దీనికీ మూలం. దివ్య ఖుర్ఆన్‌లో సూరా నూర్ 58వ ఆయతులో, ఇంట్లోకి మాటిమాటికీ వస్తూ పోతూ ఉండే సేవకులు, చిన్నపిల్లల విషయంలో కూడా ఇదే పదం వచ్చింది. అంటే పిల్లిని ఇంటి పిల్లలతో, ఇంట్లో మసలే మనుషులతో ఒకే వరుసలో కూర్చోబెట్టారన్నమాట! వచ్చేది, పోయేది. మన చుట్టూ తిరిగేది.

ఈ హదీసును మేము ఎన్నోసార్లు చదివాం. దర్సుల్లో ఇతరులకు వినిపించాం కూడా. కాని ఆ 'వస్తూ పోతూ' అనే మాటలోని 'పోతూ' అన్నది మాత్రం ఒక రంజాన్ నెల తర్వాత, 7 పిల్లికూనలను వరుసగా మట్టిలో పెట్టాక గాని మా తలకెక్కలేదు. ఆ సంగతే ఇక్కడ చెప్పుకోవాలనుకుంటున్నాం. తప్పు మాదే కాబట్టి దాచుకోవడానికి ఏమీ లేదు.

పాఠక సోదర సోదరీమణులారా! హైదరాబాదు శివార్లలో 3 గదుల అద్దె ఇల్లొకటి తీసుకుని, దిక్కులేని పిల్లులను సంరక్షించే పనిలో మేము కొందరం ఉన్నాం. మాలో చదువుకునే పిల్లలున్నారు, ఉద్యోగులున్నారు. అందరికీ పెద్దదిక్కు ఒక ఖాలా. ఆమె పేరు రాయడం ఆమెకే ఇష్టం లేదు. పిల్లులు ఎలా వస్తాయంటారా? కాలువలో నుంచి వస్తాయి. చలికి కారు ఇంజనులో దూరి కాళ్ళు కాల్చుకున్నవి వస్తాయి. ఇల్లు మారేటప్పుడు సామానంతా లారీకెక్కించి, నాలుగేళ్ళు పెంచిన పిల్లిని మాత్రం గేటు బయట వదిలేసి పోయినవారి పుణ్యమా అని కొన్ని వస్తాయి. మరికొన్ని అట్టపెట్టెలో, ఫజ్ర్ వేళకు మస్జిదు మెట్ల మీద ప్రత్యక్షమవుతాయి. నమాజీలలో ఎవరో ఒకరు జాలిపడతారులే అని కాబోలు!

కళ్ళు తెరవని కూనకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. ఆవుపాలు, గేదెపాలు పనికిరావు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని కోసం దొరికే పాలపొడినే గోరువెచ్చని నీళ్ళలో కలిపి పట్టాలి. తల్లి నాకినట్లుగా తడిగుడ్డతో తుడిస్తే తప్ప దానికి మూత్రం కూడా రాదు. రాత్రి 11కి, 2కి, మళ్ళీ తహజ్జుద్ వేళకు లేచి ఒక అరచేతి ప్రాణాన్ని గుండెకు హత్తుకుని పాలు పట్టినవారికి, 3 వారాలు తిరిగేసరికి దాని మీద మమకారం పుట్టకుండా ఎలా ఉంటుంది? పుడుతుంది. పుట్టకపోతేనే ఆ గుండె గురించి విచారించాలి.

"జంతువుల మీద ఇంత ప్రేమేమిటి? ఇది విశ్వాసికి తగునా?" అని అడిగేవారున్నారు. వారికి మేము హజ్రత్ అబూ హురైరా (ర) గారిని గుర్తు చేస్తుంటాం. అందరికంటే ఎక్కువ హదీసులు మనకందించిన ఆ మహనీయుని అసలు పేరు అబ్దుర్రహ్మాన్ అని ప్రసిద్ధి. కాని లోకం ఆయన్ని 'పిల్లికూన తండ్రి' అనే అర్థమిచ్చే పేరుతోనే ఎరుగును. తమ ఇంటివారి మేకలు కాసే రోజుల్లో ఆయన దగ్గర ఓ చిన్న పిల్లి ఉండేదట. రాత్రి దాన్ని చెట్టు మీద ఉంచి, పగలు వెంట తీసుకెళ్ళి దానితో ఆడుకునేవారట. తిర్మిజీ గ్రంథంలో ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది.

ఇక పెంచుకున్న ప్రాణి పోతే కలిగే దుఃఖం మాటేమిటి? హజ్రత్ అనస్ (ర) గారి తమ్ముడు అబూ ఉమైర్ చిన్న పిల్లవాడు. అతను ఆడుకునే చిన్న పిట్ట చనిపోయింది. పిల్లవాడు దిగులుగా ఉన్నాడు. రాజ్యభారం, యుద్ధాలు, దైవవాణి బాధ్యత, ఇన్ని మోస్తున్న దైవప్రవక్త (స) ఆ పసివాడి దగ్గర ఆగి, అతన్ని బిరుదు పేరుతో గౌరవంగా పిలిచి, ఆ పిట్ట ఏమైందని ప్రాసతో ముద్దుగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. 'ఇంతోటి పిట్ట కోసం ఏడుస్తావా' అని ఆయన (స) అనలేదు. పిల్లి చచ్చిపోయిందని ఏడ్చే పిల్లల్ని కసిరే తల్లిదండ్రులు ఈ హదీసును ఒకసారి చదవాలి.

(ఒక్క మాట. తన వస్త్రం మీద నిద్రపోతున్న పిల్లిని లేపడం ఇష్టంలేక ప్రవక్త (స) ఆ వస్త్రాన్ని కత్తిరించారన్న కథ మన వాళ్ళలో బాగా ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో అది లేదు. ఆయన (స) కారుణ్యానికి సాక్ష్యాలు కావలసినన్ని ఉండగా, లేనిది ఆయనకు అంటగట్టడం ఎందుకు?)

ఇంకొక ప్రశ్న కూడా తరచుగా ఎదురవుతుంది. మనుషులే తిండిలేక అలమటిస్తుంటే పిల్లులకు చికెన్ ఉడకబెడతారా అని. సిరియా దేశంలోని అలెప్పో నగరంలో ముహమ్మద్ అలా అల్ జలీల్ అనే ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. యుద్ధం వచ్చాక అంబులెన్సు నడుపుతూ శిథిలాల నుంచి క్షతగాత్రుల్ని మోశాడు. అదే మనిషి, ఊరు విడిచిపోయినవారు వదిలేసిన పిల్లులకు తిండి పెట్టి, వాటికొక ఆశ్రయం కూడా కట్టాడు. 2016 నవంబరులో అది బాంబు దాడికి గురైంది. 2017లో నగరానికి పడమట పల్లె ప్రాంతంలో మళ్ళీ మొదలుపెట్టాడు. మనుషుల్ని మోసిన చేతులే పిల్లుల్నీ ఎత్తుకున్నాయి. కరుణ ఒకరికి పెడితే మరొకరికి తరిగిపోయే రొట్టెముక్క కాదు.

కాబట్టి మమకారం తప్పని మేము అనడం లేదు. దాన్ని హృదయంలో వేసింది అల్లాహ్‌యే. మా తప్పు ఆ తర్వాత మొదలైంది.

మున్నీ అని ఒక కూన. కాలువలో నుంచి తీసినప్పుడు దాని వయసు 3 వారాలుండొచ్చు. మాలో ఒక సోదరి దాన్ని తన ఒడిలో పెట్టుకుని పెంచింది. 8 వారాలు నిండాయి, టీకాలు పడ్డాయి, ఇక మంచి ఇల్లు చూసి ఇచ్చేయాలి. మా ఇల్లు ఉన్నదే అందుకు. ఒక కుటుంబం వచ్చింది. బాల్కనీకి వల లేదన్నాం. వారు 4 రోజుల్లో వల కొట్టించి ఫోటో తీసి పంపారు. అయినా ఏదో వంక చెప్పాం. ఇంకొక కుటుంబం వచ్చింది. పిల్లలు అల్లరివాళ్ళని తిప్పి పంపాం. నిజానికి వాళ్ళు ఎంత బుద్ధిగా కూర్చున్నారో మాకు తెలుసు. మూడో కుటుంబానికి మున్నీ ఒంట్లో బాగాలేదని చెప్పాం. అది అబద్ధం. రంజాన్ నెలలో, ఉపవాసంతో ఉండి, పిల్లిని ఇవ్వడం ఇష్టంలేక అబద్ధమాడాం!

ఒక్క మున్నీయేనా? ఒక్కొక్కరికి ఒక్కొక్క మున్నీ ఉంది. ఎవరికి నచ్చినదాన్ని వారు అట్టిపెట్టుకున్నారు. 12 పిల్లులకు సరిపోయే ఆ ఇంట్లో 31 చేరాయి. కొత్తగా వచ్చినదాన్ని 14 రోజులు విడిగా ఉంచాలన్న నియమం ఉండేది. దాని కోసం ఉంచిన గది కూడా నిండిపోయింది. పండుగకు వారం రోజుల ముందు ఎవరో ఒక కూనను తెచ్చి ఇచ్చారు. అది నీరసంగా ఉంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. పెట్టడానికి చోటు లేక దాన్ని అందరి మధ్యే పెట్టాం.

దాని ఒంట్లో పాన్‌ల్యుకోపీనియా ఉంది. పిల్లుల పార్వో అని కూడా అంటారు. టీకా పడని కూనల్లో అది సోకితే బతికేవి తక్కువ. తెల్ల రక్తకణాలు పడిపోతాయి, వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణి రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది. మామూలు ఫినాయిలుకు ఆ వైరస్ చావదు. బ్లీచింగు నీళ్ళతో కడగకపోతే గచ్చు మీద, గిన్నెల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. మాకివన్నీ ముందే తెలుసు. తెలిసే చేశాం. 9 రోజుల్లో 7 కూనలు చనిపోయాయి. టీకాలు పడటంతో మున్నీ బతికింది. ఈద్ రోజున సేమియా గిన్నె అలాగే ఉండిపోయింది. ఇంటి వెనుక వేపచెట్టు కింద గుంత తవ్వుతూ ఉన్నాం.

పశువైద్యుడు మమ్మల్ని తిట్టలేదు. మందుల చీటీ రాసి, "వీటికి మందు కంటే ముందు చోటు కావాలి" అన్నాడు. ఆ సాయంత్రం ఖాలా మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "బేటా, ఆ నరకవాసి స్త్రీ చేసిన నేరమేమిటి?"

అందరం టక్కున చెప్పాం. పిల్లికి తిండి పెట్టలేదు అని.

"అది రెండోది. మొదటిదేమిటి?"

ఎవరికీ నోట మాట రాలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) తదితరులు ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో నమోదైన ఆ హదీసులో ముందు వచ్చేది బంధించడం. ఆమె పిల్లిని చనిపోయేదాకా బంధించింది. తాను తిండి పెట్టలేదు, నీళ్ళివ్వలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతికేందుకు దాన్ని వదలనూ లేదు. ఆకలిని గురించిన హదీసుగా మనం దీన్ని చదువుకుంటాం. దయలేనివారెవరికో చెప్పిన మాటగా, మనకు సంబంధం లేనిదిగా చదువుకుంటాం. మా గిన్నెలు ఎప్పుడూ నిండుగానే ఉండేవి గనక ఆ స్త్రీకీ మాకూ పోలికే లేదనుకున్నాం. పిల్లిని పెంచుకోవచ్చని, అయితే దాని తిండీ నీళ్ళ బాధ్యత మోయాలని హదీసు వ్యాఖ్యాతలు చెప్పిన మాట నిజమే. కాని తిండి పెట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోయిందా? 31 పిల్లుల మధ్య, జబ్బు గాలి పీల్చుకుంటూ, మరో ఇంటికి పోయే దారి మా చేతులతో మేమే మూసేస్తే, ఆ 7 కూనల విషయంలో రేపు ప్రళయదినాన మేమేం జవాబు చెప్పాలి? వాటిని ప్రేమించామని చెబుతామా?

ఇక్కడ ఇంకో పొరపాటుకు తావివ్వకూడదు. 'వదలాలి' అన్నారు కదా అని చేత్తో పెంచిన పిల్లిని తీసుకెళ్ళి ఏ మార్కెట్ దగ్గరో విడిచిపెట్టడం ఈ హదీసు మీద ఆచరణ కాదు. వేటాడటం తెలిసి, గాయం మాన్పించుకోవడానికి మన దగ్గరకు వచ్చిన వీధి పిల్లిని, నయమయ్యాక దాని వీధికే చేర్చవచ్చు. ఎలుకను చూడనైనా చూడని మున్నీ లాంటిదాన్ని వీధిలో వదిలితే అది మరో రకం హత్య. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అలాంటి కూనకు విడుదల అంటే ఒక ఇల్లు.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరా నిసా 58వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. అమానత్ అనగానే మనకు డబ్బు, నగలు, పదవులు గుర్తొస్తాయి. మున్నీ మాకు అమానత్. దానికి తగిన ఇల్లు దొరికేదాకా మా దగ్గర ఉండాల్సిన అప్పగింత. ఇతరుల సొమ్మును వాడుకునేవాడికీ, ఇవ్వాల్సిన ప్రాణిని ఇష్టంకొద్దీ ఆపుకున్న మాకూ తేడా ఏముంది?

ఆ తర్వాత మేము చేసినవి పెద్దగా చెప్పుకునే పనులేమీ కావు. 12కు మించి తీసుకోవడం మానేశాం. గది లేనప్పుడు లేదని చెప్పడం నేర్చుకున్నాం, అది చాలా కష్టమైన పని. 14 రోజుల గదిని వేరే ఏ అవసరానికీ వాడటం లేదు. తల్లి దగ్గర పాలు తాగుతున్న కూనల్ని ముద్దుగా ఉన్నాయి కదా అని ఎవరైనా తెస్తే, వీలైనంతవరకు తల్లి దగ్గరికే తిరిగి పంపుతున్నాం. ఒక ప్రయాణంలో కొందరు సహాబీలు పిట్ట పిల్లల్ని రెండింటిని పట్టుకున్నారు. తల్లిపిట్ట వారి మీద రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దాని బిడ్డల విషయంలో దాన్ని బాధించిందెవరని దైవప్రవక్త (స) అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమన్నారు. అబూ దావూద్‌లో ఉన్న ఈ హదీసును మా గేటు లోపలి గోడకు అంటించాం. పిల్లిని ఇచ్చేటప్పుడు దానికి వెల కట్టడం లేదు. పిల్లి వెల తీసుకోవడాన్ని ప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దాని అన్వయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నా, మేము దూరంగా ఉండటమే మేలనుకున్నాం. టీకాల ఖర్చు ఇవ్వదలచినవారు నేరుగా వైద్యుడికే ఇస్తారు.

మాలో ఒక సోదరుడు ఇషా తర్వాత వచ్చి అర్ధరాత్రి దాకా పిల్లుల దగ్గరే ఉండేవాడు. ఇంట్లో తల్లికి మోకాళ్ళ నొప్పులు, పిలిస్తే పలికేవారు లేరు. ఆ సంగతి తెలిసిన రోజు ఖాలా అతని చేతిలోని పాలసీసా తీసుకుని, ముందు అమ్మీ దగ్గరికి పోయి రమ్మంది. మమకారం కొత్తదైనప్పుడు పాత హక్కులు కనబడవు. పొరుగువారి హక్కు కూడా అంతే. మా పిల్లుల వాసన గురించి పక్కింటాయన రెండుసార్లు చెప్పాడు, మేమే వినలేదు. ఇప్పుడు రోజూ రెండు పూటలా మట్టి మారుస్తున్నాం.

ఇక మున్నీ సంగతి. పిల్లలు జిద్దాలో ఉద్యోగాలు చేసుకుంటుండగా మెహదీపట్నంలో ఒంటరిగా ఉంటున్న వృద్ధ దంపతులు దాని కోసం వచ్చారు. ఆ పెద్దాయన వచ్చీ రాగానే, దీనికి ఏం తినడం ఇష్టమని అడిగాడు. అదొక్కటి చాలు, ఇల్లు ఎలాంటిదో తెలియడానికి. మా సోదరి బుట్ట తలుపు వేసింది, మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది. తర్వాత వంటగదిలోకి పోయి కూర్చుంది. ఖాలా వెనకాలే వెళ్ళి, ఏడవొద్దు అనలేదు. దైవప్రవక్త (స) తమ చిన్నారి కుమారుడు ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు కన్నీరు పెట్టుకున్న సంగతి చెప్పింది. కళ్ళు చెమర్చడం, గుండె బరువెక్కడం విశ్వాసానికి విరుద్ధం కాదని, ప్రభువుకు అయిష్టమైన మాట నోటి నుంచి రాకుంటే చాలని ఆయన (స) ఆచరించి చూపించారు కదా. బిడ్డ ఎక్కడ, పిల్లి ఎక్కడ అని ఎవరైనా అనవచ్చు. నిజమే, రెండూ ఒకటి కాదు. అంత పెద్ద దుఃఖానికే కన్నీళ్ళ అనుమతి ఉన్నప్పుడు ఈ చిన్న దుఃఖానికి ఎందుకుండదు?

ఆ ముందు తిప్పి పంపిన 3 కుటుంబాలకూ మేము ఫోన్ చేసి క్షమాపణ అడిగాం. ఇద్దరు నవ్వేసి ఊరుకున్నారు. మూడోవారు ఫోన్ పెట్టేశారు. వారికి ఆ హక్కు ఉంది.

నాలుగు రోజుల తర్వాత మెహదీపట్నం నుంచి పెద్దాయన ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. ఏమైందోనని మా సోదరి ముఖం పాలిపోయింది. "బేటీ, ఇది నమాజు చేస్తుంటే ముసల్లా ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతోంది. సజ్దాలోకి పోతే టోపీ లాగుతోంది. నా నమాజు అవుతోందా లేదా?"

పిల్లి ముందు నుంచి పోతే నమాజు చెడిపోదని చెప్పాం. టోపీ సంగతి ఆయనే చూసుకోవాలని కూడా చెప్పాం. సోదరి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి గేటు దగ్గర అట్టపెట్టెలో 3 కూనలు దొరికాయి. 14 రోజుల గది ఖాళీగా ఉంది. ఖాలా అప్పటికే నీళ్ళు వేడికి పెట్టింది.